మూర్తిగారి మేడమీద చద్దన్నం

అమలాపురంలో కాలవ వంతెన దాటి ఎడం పక్కకి తిరిగితే శ్రీరామచంద్రమూర్తిగారి మేడ. కింద కొబ్బరికాయల గోడౌను, పైన రెండు గదులూ వంటిల్లూ ఉన్న వాటా. ఆ పై వాటా ఇప్పుడు ఊరికే ఇస్తామన్నా ఎవరూ దిగరు. చీకటి పడ్డాక ఆటోవాళ్ళు ఆ సందులోకే రారు. "వంతెన దగ్గరే దిగిపోండి బాబూ" అంటారు. ఏం జరిగిందని అడిగితే తలో మాటా చెబుతారు. అందులో సగం కోతలే. నేను మాత్రం దుర్గాసాయి చెప్పింది చెప్పినట్టు చెబుతున్నానండి. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి.

దుర్గాసాయిది మలికిపురం పక్క పల్లె. డిగ్రీ ఆఖరి ఏడాది. ఆ వాటాలో గంగబాబు, రమణ అని ఇద్దరు కుర్రాళ్ళు ముందే దిగేరు. వీడు నెల ఆలస్యంగా వచ్చి చేరేడు. వెనకొచ్చినవాడికి విలువేం ఉంటుంది చెప్పండి? మంచం లేదు, ఫ్యాను కింద చోటు లేదు. వంటింటి గుమ్మం పక్కన చాప వేసుకునేవాడు. బకెట్టు ముట్టుకుంటే తిట్టు, చార్జరు ముట్టుకుంటే తిట్టు. గంగబాబుకైతే వీడి మొహం చూస్తేనే ఒళ్ళు మండిపోయేది.

అయినా ఎందుకు పడ్డాడంటారా? వాళ్ళ నాన్న తేల్చి చెప్పేసేడు మరి. "ఈసారి పరీక్ష తప్పేవా, కువైట్ వీసా రెడీగా ఉంది. ఒంటెలు కాసుకుందువుగాని." ఆ పరీక్షలు సోమవారం నుంచి.

సరిగ్గా అప్పుడే వచ్చింది చద్దన్నం గొడవ.

రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి మూతపెట్టుకుంటే, పొద్దున్న ఉల్లిపాయ కొరుక్కుని ముగ్గురూ కాలేజీకి పోవచ్చు. ఎన్నిసార్లు పెట్టినా తెల్లారేసరికి గిన్నె ఖాళీ. మెతుకు మిగలదు! అంతకన్నా విడ్డూరం... ఆ గిన్నె తళతళలాడేలా తోమి, గట్టు మీద బోర్లించి ఉండేది. తిన్న కంచం వారానికోసారి కడిగే వెధవలు ముగ్గురూను. గిన్నె తోమిపెట్టే దొంగని మీరెక్కడన్నా చూసేరా?

శనివారం రాత్రి గంగబాబు దుర్గాసాయి మీదకి లేచేడు.

"వంటింటి గుమ్మంలో పడుకునేది ఎవడ్రా? నువ్వే."

"అమ్మతోడు, నేను కాదు."

"నీ ఒట్లు గట్టున పెట్టు. తెల్లారేసరికి దొంగని చూపించేవా, సరే. లేదంటే నీ పెట్టె రోడ్డు మీద ఉంటుంది."

రమణ అంతేనన్నట్టు తలూపేడు. వాడెప్పుడూ గాలివాటమే.

దుర్గాసాయికి ఏడుపొచ్చింది. పరీక్ష ముందు రోజు రోడ్డున పడితే చదివేదెక్కడ, రాసేదెక్కడ? ఏడ్చి ఏడ్చి, కోపం తెచ్చుకుని, లైట్లు ఆర్పేక వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక నక్కి కూర్చున్నాడు.

పదకొండు... పన్నెండు...

కాలవలో కప్పల గోల. లోపల రమణ గుర్రు. కింద గోడౌన్లో కాయ ఒకటి దొర్లింది... దొర్లి దొర్లి ఆగింది.

అప్పుడు — టక్.

వంటింటి వెనక తలుపు. దానికి ఎప్పుడూ బయటనుంచి తాళం వేసి ఉంటుంది. మెట్లు గోడౌను వెనక్కి దిగుతాయి. ఆ తాళం తిరిగింది. తలుపు మెల్లగా... మెల్లగా తెరుచుకుంది.

తెల్లటి ఆకారం. నెత్తిన ముసుగు. దీపం లేదు, తడుములాట లేదు. ఏళ్ళతరబడి మసిలిన ఇల్లన్నట్టు నేరుగా గిన్నె దగ్గరికే నడిచింది. మూత తీసింది.

దుర్గాసాయికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. దెయ్యం వదిలితే గంగబాబు వదలడు. 'చావో రేవో' అనుకుని ఒక్క దూకు దూకి ఆ చెయ్యి పట్టేసుకున్నాడు!

వెచ్చగా ఉంది చెయ్యి. గాజులు గలగలమన్నాయి. సెల్‌ఫోను లైటు వేసి చూస్తే — రామలక్ష్మిగారు. ఇంటి ఓనరు మూర్తిగారి భార్య.

"అరవకు బాబూ... నీకు దణ్ణం పెడతాను."

"మీరా అండీ! మా అన్నంతో మీకేం పనండీ?"

"తినడానిక్కాదయ్యా. మీరు తినకూడదని."

ఆవిడ తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"మా మావగారు ఈ వంటింట్లోనే పోయేరు. ధనిష్ఠా నక్షత్రంలో పోయేరు బాబూ. అలా పోతే దోషం. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి, మనిషన్నవాడు ఉండకూడదన్నారు పంతులుగారు. మేం మా మరిదిగారింటికి పోయేం. ఈయనేమో... పైఊరి కుర్రాళ్ళు నక్షత్రాలడగరులే అని మిమ్మల్ని దింపేరు. నెత్తీనోరూ కొట్టుకున్నా విన్నారు కాదు."

"అయితే అన్నమెందుకండీ..."

"రాత్రి ఇక్కడ నిలవున్న అన్నం పోయినాయనది. అది తిన్నవాణ్ణి ఆయన వదలరు. ఈ మాట మీకు చెబితే మా ఆయన నన్ను బతకనివ్వరు. కన్నబిడ్డల్లాంటి వాళ్ళు, చూస్తూ ఎలా ఊరుకోను? అందుకే వచ్చి, కాలవలో పారబోసి, గిన్నె తోమి పోతున్నాను."

దుర్గాసాయికి ప్రాణం లేచొచ్చింది. దెయ్యమూ లేదు, దొంగా లేడు! తెల్లారేక ఈ మాట ఆవిడ నోటితో గంగబాబుకి చెబితే చాలు. పెట్టె కదలదు, పరీక్ష పోదు, కువైటూ లేదు.

"మావాళ్ళకి ఈ ఒక్క మాట చెప్పండి పిన్నిగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"చెబుతానయ్యా, ఏమైతే అదవుతుంది. నీ ఉసురు నాకెందుకు?" అని ఆవిడ కళ్ళొత్తుకుంది. "జ్వరమొచ్చి మూడు రాత్రులు రాలేకపోయేను. మీరెక్కడ తినేసేరోనని ఒకటే బెంగ. తిన్నారా బాబూ?"

"లేదండి. ఆ మూడు రోజులూ గిన్నె తోమి, బోర్లించే ఉందండి."

రామలక్ష్మిగారు గిన్నెకేసి చూసింది.

"నేను... రాలేదంటుంటే?"

అడుగుల చప్పుడుకి ఇద్దరూ ఒకేసారి లోపలి గుమ్మం వైపు తిరిగేరు.

గుమ్మంలో గంగబాబు.

వాడు దుర్గాసాయిని చూడలేదు. ఆవిణ్ణీ చూడలేదు. తీరుబడిగా లోపలికొచ్చి, పీట మీద కూర్చున్నట్టు నేలమీద కూర్చున్నాడు. ఒక మోకాలు పైకి పెట్టి, గిన్నె ముందుకి లాక్కుని, కలిపి ముద్దలు చేసి తింటున్నాడు.

దుర్గాసాయి కడుపు మండిపోయింది. మూడు రాత్రులూ తిన్నది వీడన్నమాట! తిని, గిన్నె కడిగి, నేరం నా నెత్తిన రుద్దేడన్నమాట!

"దొంగవెధవా! నువ్వట్రా?" అని భుజం పట్టి ఊపేడు.

గంగబాబు తల ఎత్తలేదు. నోట్లో ముద్ద నిదానంగా నమిలి మింగేడు. తరవాత గొంతు సవరించుకున్నాడు. డెబ్బై, ఎనభై ఏళ్ళ గొంతు. కఫం పట్టిన గొంతు.

"అమ్మాయ్... రామలక్ష్మీ... పెరుగు వెయ్యవేం?"

దుర్గాసాయి చెయ్యి తీసేసేడు. పక్కకి చూసేడు. రామలక్ష్మిగారు గోడకి అంటుకుపోయింది. అయినా ఆవిడ చెయ్యి దానంతటదే పైకి లేచి, కొంగు నెత్తిమీదకి లాక్కుంది.

"ఆయ్... తెస్తున్నానండి మావయ్యగారూ."