వినికిడి మాటలు చెల్లవు

కుముదిని మౌనమీట నొక్కింది. కింద హాలులో, వరసలో ముందున్న పెద్దాయన నోరు ఇంకా కదులుతూనే ఉంది. మాట మాత్రం పక్కవాడి చెవిదాకా పోలేదు. పైకప్పులోని ప్రతిధ్వని గొట్టాలు దాన్ని గాలిలోనే తుడిచేశాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు, సంగతి అర్థమై తల వంచుకున్నాడు. గోడమీద, జనం నిబ్బరాన్ని కొలిచే స్థిమితసూచి ముల్లు వణికి, మళ్ళీ పచ్చగీత మీద నిలబడింది.

భీమవరం ఏకనిధి శాఖలో ఆమె శ్రోత. హాలుకు పైనున్న అద్దాలగదిలో కూర్చుని, చెవులకు యంత్రం తగిలించుకుని, ఖాతాదారుల మాటలు వినడం ఆమె ఉద్యోగం. ఎండల గురించి, రొయ్యల ధరల గురించి, వియ్యంకుల పొగరు గురించి ఎవరేం మాట్లాడుకున్నా ఫరవాలేదు. మాట చివర 'ట' పడితేనే మీట నొక్కాలి. మునిగిందట. మూసేశారట. ఇక ఇవ్వరట. మహాపతనం నాడు బ్యాంకులన్నిటినీ కూల్చింది ఆ ఒక్క అక్షరమేనని విచారణ సంఘం తేల్చింది. శిథిలాలన్నీ పోగుచేసి ప్రభుత్వం ఏకనిధి అనే ఒకే బ్యాంకును నిలబెట్టింది, దానికి కాపలాగా వినికిడి చట్టం తెచ్చింది. చూసింది చెప్పవచ్చు, విన్నది చెప్పకూడదు. ఆ తరవాత దేశంలో ఒక్క శాఖా కూలలేదు.

ఆ చట్టమంటే కుముదినికి నమ్మకం. పతనం నాటి ఉదయం ఆమె అన్న ఆదిశేషు బ్యాంకు గేటు దగ్గర జనం కాళ్ళకింద నలిగి చనిపోయాడు. అతని తెల్లచొక్కా మీద చెప్పుల అచ్చులు పడి ఉన్నాయి. అవి ఎవరివో ఎవరికీ తెలియలేదు. తమ వీధివాళ్ళవే అయ్యుండాలి.

హాలుకు వినబడనిది ఆమెకు వినబడింది. ఆ పెద్దాయన నరసరాజుగారు, చేపలచెరువుల ఆసామి. "ఉండిలో బ్యాంకు తియ్యట్లేదటండి" అన్నాడు. కాసేపటికి కాళ్ళ గ్రామం నుంచి వచ్చిన ఒక బడి మేష్టరు అదే మాట అన్నాడు. మీట నొక్కింది. తరవాత చేపలు అమ్మే దుర్గమ్మ అందుకుంది: "మా అల్లుడెళ్ళి చూసొచ్చేడంట. లోపల మడిసనేవోడు లేడంట." మళ్ళీ నొక్కింది. గొంతు పోయిందని తెలిసీ దుర్గమ్మ ఆగలేదు. చేతులు తిప్పుతూ, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తూ మూస్తూ చెబుతూనే ఉంది.

కుముదిని పక్క ఊరైన ఉండిలోని శాఖకు ఫోను చేసింది. అక్కడి శ్రోత రాజ్యలక్ష్మి, ఆమెతో కలిసి శిక్షణ పొందిన మనిషి.

"అంతా స్థిమితంగా ఉంది" అంది రాజ్యలక్ష్మి గొంతు.

"రాజ్యం, నేనే. మీ పాపకి జ్వరం తగ్గిందా?"

"అంతా స్థిమితంగా ఉంది."

అదే స్వరం. 'స్థి' దగ్గర అదే చిన్న విరుపు. కుముదిని ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నం భోజనాల వేళ శ్రోత బల్ల యంత్రానికి అప్పగించి, ఉండి బస్సు ఎక్కింది.

శాఖ షట్టరు దించి ఉంది. అయినా లోపలి నుంచి సందడి వినిపిస్తోంది. నాణేలు గలగలమంటున్నాయి, ఎవరో దగ్గుతున్నారు, ఒక ఆడమనిషి నవ్వుతోంది, టోకెన్ నంబరు పిలుస్తున్నారు. కుముదిని వంగి షట్టరు సందులోంచి చూసింది. కుర్చీలు ఒకదానిమీదొకటి పేర్చి ఉన్నాయి. కౌంటర్ల మీద దుమ్ము. ఖజానా గది తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఖాళీ అరలు. నవ్వు పైకప్పులోంచి వస్తోంది. చెవి పెట్టి వింటూ ఉంటే, ఆగి ఆగి అదే దగ్గు, అదే నవ్వు.

పక్క టీకొట్టు అతను ఆమెనే చూస్తున్నాడు.

"ఇక్కడివాళ్ళు ఏమయ్యారండీ?"

"బదిలీ చేసేర..." అన్నాడు. మిగతా ముక్క వినబడలేదు. ఇక్కడ మీట నొక్కే మనిషి లేడు, అయినా షట్టరు వెనక గొట్టాలు తమంతట తామే మాటను తుడిచేశాయి. అతను దిక్కులు చూసి, అడుగుతీసి అడుగేసినట్టు ఒక్కో మాటే పలికాడు. "పెద్ద వ్యాను వచ్చిందండి. అందరూ ఎక్కేరు. శ్రోతమ్మగారు కూడా. నేను చూసేను."

"ఎక్కడికి తీసుకెళ్ళారు?"

"అది నే చూళ్ళేదండి" అన్నాడతను. అటుతిరిగి గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

అద్దాలగదికి తిరిగి రాగానే ఆమె ఏలూరు పర్యవేక్షకుడు వీరభద్రరావుగారికి లైను కలిపింది. ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు, గొంతే తెలుసు.

"సార్, ఉండి శాఖ ఖాళీగా ఉంది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేను చూశాను."

"డ్యూటీ వదిలి వెళ్ళావా అమ్మా?"

"పైవాళ్ళకి తెలియజేయండి సార్. జనం డబ్బు..."

"నేను చూడలేదు కదా! నేను చెబితే అది వినికిడే అవుతుంది. నా లైను మీద కూడా మీట ఉంటుంది, తెలుసా?" ఆయన గొంతు తగ్గించాడు. "నీలాంటివాళ్ళు ఇదివరకు కూడా చెప్పారు. నేను పైవాళ్ళకి చెప్పిన ప్రతిసారీ అవతలివాళ్ళకి నిశ్శబ్దమే వినబడింది. నిశ్శబ్దాన్ని వాళ్ళు స్థిమితం కింద రాసుకుంటున్నారు."

కుముదిని కిందికి చూసింది. పొద్దుటి వరస ఇంకా కదల్లేదు. నరసరాజుగారు బల్లమీద కునుకు తీస్తున్నాడు. దుర్గమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఇప్పుడు ఒక్క మాట తప్పుగా జారితే వీళ్ళంతా ఆ ఇరుకు కౌంటరు మీద పడతారు. ఎవరో ఒకరు కింద పడతారు. ఆదిశేషు చొక్కా ఆమె కళ్ళముందు కదిలింది. ఆ భయంతోనే ఇన్నేళ్ళూ మీట నొక్కింది. ఆ భయం ఇప్పుడూ ఉంది, పోలేదు.

చెవియంత్రం తీసి బల్లమీద పెట్టి, మెట్లు దిగి హాలులోకి వచ్చింది. శ్రోత కిందికి రావడం ఎవరూ ఎరగరు. అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఉండి బ్యాంకు మూసి ఉంది" అంది. గొట్టాలు ఊరుకున్నాయి. "ఖజానా ఖాళీగా ఉంది. నా కళ్ళతో చూశాను. ఇక్కడి ఖజానా సంగతి నాకు తెలీదు, నేను చూడలేదు."

వెనక ఎవరో బల్ల జరిపారు. జనం ఒక్కసారిగా కౌంటరు వైపు ఒరిగారు.

కుముదిని దారికి అడ్డంగా నిలబడింది. "తోసుకోకండి. మా అన్న ఇలాగే పోయాడు. నా మాట నమ్మి పరిగెత్తొద్దు. నాతో వచ్చి మీరూ చూడండి."

నరసరాజుగారు లేచాడు. "అంటే, చూసినోళ్ళం అందరం చెప్పొచ్చా అమ్మా?"

"చెప్పొచ్చు."

"పదండ్రా" అన్నాడాయన.

వరస చెదరకుండానే వాళ్ళు గుమ్మం దాటారు. దుర్గమ్మ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. ఉండి రోడ్డు మీద ఎవరూ మాట్లాడలేదు, చెప్పుల చప్పుడే వినబడుతోంది. దుకాణాలవాళ్ళు అరుగుల మీదికి వచ్చి చూశారు. ఒకరిద్దరు తాళాలు వేసి వెనకే నడిచారు. ఏమిటని కూడా అడగలేదు.

కుముదిని జేబులో ఫోను మోగింది. వీరభద్రరావుగారు.

"నీ శాఖ ముల్లు పచ్చగీత మీదే ఉంది. హాలులోంచేమో చప్పుడే లేదు. పైవాళ్ళు నన్ను అడుగుతున్నారు. ఏం జరుగుతోందని చెప్పను?"

"చెప్పకండి సార్" అంది కుముదిని నడుస్తూనే. "వచ్చి చూడండి."

అవతల చాలాసేపు ఏమీ లేదు. లైను తుడిచేశారేమో అనుకుంది. అంతలో, ఏలూరులో ఎక్కడో, ఒక కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది.