ముందు చక్రం మడ్‌గార్డు

రాజారత్నం నిద్ర లేచేసరికి మోటార్ సైకిల్ ముందు మడ్‌గార్డు రోలు మీద బోర్లించి ఉంది. అతను చూడవచ్చిన పెళ్ళికూతురు పీట మీద కూర్చుని దాని అంచు ఆకురాయితో రుద్దుతోంది. కోసి తీసేసిన రేకు ముక్క గుమ్మం పక్కన పడి ఉంది.

అతను మంచం మీంచి లేచాడు. 

"ఏం చేశారండీ?"

"కోశాను," అంది దయామణి.

"ఎందుకు?"

"మీరేగా కోసెయ్యమన్నారు!"

అది నిజం. పొద్దున అన్నాడు.

1961 జూలై. బందరులో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా రాజారత్నం సంబంధం చూడటానికి మోటార్ సైకిల్ మీద బయల్దేరాడు. గూడూరు దాకా తారురోడ్డు. అక్కణ్ణుంచి కాలవగట్టు. ముందురోజు వాన పడింది. గట్టు మీది నల్లమట్టి టైరుకి చుట్టుకుని మడ్‌గార్డు కింద కూరుకుపోయింది. చక్రం తిరగడం మానేసింది. అతను బండిని ఈడ్చుకుంటూ బాలస్వామి ఇంటికి చేరాడు.

బాలస్వామి రైసుమిల్లులో ఇంజను డ్రైవరు. "వందనాలండీ" అంటూ ఎదురొచ్చాడు. వెనకే కూతురు దయామణి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ ఊరి బడిలో టీచరు. రాజారత్నం జుట్టు సర్దుకున్నాడు. ఆమె అతన్ని చూడలేదు. చక్రాన్ని చూసింది.

"మడ్‌గార్డు మరీ కిందికుందండీ."

"మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బండండీ. యుద్ధంలో తిరిగింది."

"మా మట్టిలో తిరగలేదుగా."

బాలస్వామి నవ్వాడు. రాజారత్నం కూడా నవ్వాల్సి వచ్చింది.

"బండి మీదేనా?" అని అడిగింది.

"నాదే."

"అయితే కోసెయ్యమంటారా?"

"మీ చేత్తో అయితే కోసెయ్యండి."

అతను అది సరసం అనుకున్నాడు. ఆ ఊరి సంగతి అతనికి తెలియదు. అక్కడ ఎవరు కొత్త సైకిలు కొన్నా మొదటి వానకే మడ్‌గార్డు కోయించుకుంటారు. సుద్దముక్కతో గీత గీసేది దయామణి. బిగించి పట్టుకునేది బాలస్వామి. కోసేది ఎవరి చేయి ఖాళీగా ఉంటే వాళ్ళు. బండిగలాయన ఊ అంటే చాలు.

రొయ్యల కూరతో భోజనం అయింది. "కాస్త నడుం వాల్చండి బాబూ," అన్నాడు బాలస్వామి. వాన అందుకుంది. పెంకుల మీద వాన చప్పుడులో రంపం చప్పుడు అతనికి వినపడలేదు.

"అది మా బావగారి బండండీ," అన్నాడు రాజారత్నం ఇప్పుడు.

ఆకురాయి ఆగింది.  బాలస్వామి చేతిలో ఉన్న బోల్టులు జారి నేలమీద పడ్డాయి.

"మీదన్నారుగా," అంది దయామణి.

"అన్నాను."

"ఎందుకన్నారు?"

"మీరు అడిగారు కదా. కాదనడానికి సిగ్గేసింది."

ఆమె రేకు మీద పాతగుడ్డ పరిచి చెక్కసుత్తితో రెండో వైపు అంచు బయటికి వంచింది. చేతికి గీసుకోకుండా అంచు మడిచింది. తండ్రీకూతుళ్ళు దాన్ని మునుపటికంటే నాలుగు వేళ్ళు పైకి ఎత్తి బిగించారు. కోసిన ముక్క పేపర్లో చుట్టి అతని చేతికిచ్చింది.

"ఇది మీ బావగారికివ్వండి. కోసింది నేనని చెప్పండి. నాదేనని చెప్పి కోయించింది మీరని కూడా చెప్పండి. ఆ రెండో మాట చెప్పగలిగితేనే మళ్ళీ మా ఇంటికి రండి."

దారంతా అతను ఆ రెండో మాట గురించే ఆలోచించాడు. కాలవగట్టు మీద చక్రం ఎక్కడా ఆగలేదన్న సంగతి బందరు చేరాక గుర్తొచ్చింది.

తండ్రి పోయాక రాజారత్నాన్ని చదివించింది బావ దయానందమే. ఈ పెళ్ళికి పెద్ద ఆయనే. ఆదివారం గుడికి వెళ్ళేముందు బండిని కొబ్బరినూనె గుడ్డతో తుడవడం ఆయన అలవాటు.

రాజారత్నం పొట్లం ఇచ్చి రెండు మాటలూ చెప్పాడు. దయానందం పొట్లం విప్పాడు. ముక్క చూశాడు. బండి చుట్టూ తిరిగాడు. వంగి ముందు చక్రం చూశాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

"అరిచినా బాగుండేదిరా," అంది అక్క సౌభాగ్యమ్మ. "ఈయన ఇలా నోరు మూసుకోవడం నేను కాపురానికొచ్చాక చూళ్ళేదు."

వారం గడిచాక దయానందం నోరు విప్పాడు. "ఆ పిల్లని చేసుకుంటావా?"

"మీరు సరేనంటే, బావా."

"పాస్టరుగారితో చెప్పి ప్రకటనలు వేయించుకో. నేను చెప్పాల్సింది చెప్పాల్సిన చోట చెప్తాను."

రాజారత్నం గూడూరు దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణుంచి గట్టు మీద నడిచి బాలస్వామి ఇంటికి చేరాడు.

"చెప్పారా?" అంది దయామణి.

"రెండూ చెప్పాను."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదండీ. అదే భయంగా ఉంది."

"మీకే కాదు, నాకూ భయమే," అంది. ఆ రోజు అతన్ని సరిగ్గా చూసింది. "అయినా చెప్పారుగా. కూర్చోండి."

పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పెళ్ళికూతురి ఊరి గుడిలో ఇద్దరి పేర్లూ చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పాలి. ఆ గుడిలో ఇంతవరకూ ఎవరూ లేవలేదు. మొదటి వారం లేవలేదు. రెండో వారం లేవలేదు.

మూడో వారం పాస్టరు భూషణంగారు పేర్లు చదివి అలవాటు ప్రకారం కాసేపు ఆగారు. వెనక వరుసలో ఒకాయన లేచి నిలబడ్డాడు. వీపు మీద, తొడల దాకా బురద. దయానందం.

"నాకు అభ్యంతరం ఉందండీ."

పాటల పుస్తకాలు మూతపడ్డాయి. ఆడవాళ్ళ వైపు ఎవరో "ప్రభువా" అన్నారు. బాలస్వామి లేవబోయి లేవలేక కూర్చున్నాడు. 

"చెప్పండి," అన్నారు పాస్టరుగారు. 

"పిల్ల మీద కాదండీ, పని మీద. నా బండి ముందు చక్రానికి ఇప్పుడు మట్టి పట్టట్లేదు. ఇవాళ మీ గట్టు మీద వెనక చక్రం ఇరుక్కుంది. జారి పడ్డాను. ముందుది కోసి వెనకది వదిలేస్తే ఎలాగండీ? అదీ కోశాకే పెళ్ళి."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత దయామణి లేచింది.

"బండి మీదేనా అండీ?"

దయానందం రాజారత్నం వైపు చూశాడు. అతను తల దించుకున్నాడు.

"నాదేనమ్మా. కోసెయ్యి."

గుడి అంతా నవ్వింది. బాలస్వామి రంపం కోసం అప్పుడే గుమ్మం వైపు నడిచాడు.

"ఇవాళ ఆదివారం," అన్నారు పాస్టరుగారు. "రేపు కోసుకోండి."

ఆ రాత్రి బావా బావమరిదీ బాలస్వామి ఇంట్లోనే ఉండిపోయారు. సోమవారం బడికి వెళ్ళేముందు దయామణి వెనక చక్రం దగ్గర కూర్చుంది. సుద్దముక్క రాజారత్నం చేతికిచ్చింది.

"ఈసారి గీత మీరు గీయండి."

"ఎక్కడ దాకా?"

"నన్నడుగుతారేం? బండిగలాయన్ని అడగండి."