సుభద్ర మెడలో నల్లతాడు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! మనిషి నీడ కాళ్ల కిందికి ముడుచుకుపోయే వేళ. వజ్రపుకొత్తూరు దాటాక, సముద్రపు హోరు వినబడేంత దూరంలో, మొగలిపొదల నడుమ నల్లముగ్గు... ముగ్గు మధ్య హోమగుండం... గుండం పక్కన కపాలం! కపాలానికి దండ. పూలది కాదు... మనుషుల పళ్లది!

ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఎక్కడో ఉరిమింది. తాను పిలిస్తేనే వచ్చిందన్నట్టు మాంత్రికుడు దాలయ్య తలాడించాడు.

చాకలి బంగారమ్మను కొబ్బరిచెట్టుకు కట్టారు. ఆమె చూపంతా దండలోని మూడో పన్ను మీదే ఉంది. మూల విరిగి, ఆకువక్కకు ఎర్రబారిన పన్ను. అది అక్క బొడ్డమ్మది. చిల్లంగి పెట్టిందని, చేతబడి చేసిందని, నిరుడు దాలయ్యే పీకించాడు. పళ్లు లేకపోతే మంత్రం నోట పలకదట! బొడ్డమ్మ రెండు నెలలు గంజి తాగింది. తరవాత అదీ మానేసింది. ఆ వెనకే ప్రాణమూ వదిలింది.

ఇవాళ ఆమె వంతు.

ముగ్గు అవతల పెద్దరైతు సూర్యారావు కోడలు సుభద్ర ఊగిపోతోంది... జుట్టు విరబోసుకుని, రెండు చేతులా మెడ గీరుకుంటూ! "దురద... మంట... చంపెయ్యండి నన్ను!"

ఎండాకాలంలో మెడ మీద నాలుగు చెమటకాయలు లేచాయి. అంతే. దాలయ్య రక్ష అంటూ నల్లతాడు కట్టాడు. తాడు కింద బొబ్బలు పొక్కాయి. చిల్లంగి ముదిరిందని మరో తాడు కట్టాడు. టెక్కలి డాక్టరిచ్చిన మందు రాశారు గానీ తాడు విప్పలేదు. విప్పితే ప్రాణం పోతుందన్నాడు దాలయ్య మహానుభావుడు. నాలుగు నెలలు... నాలుగు తాళ్లు!

"దీని పనే!" దాలయ్య పట్టకారు ఎత్తాడు. "బట్టల మీద నల్లమచ్చ పెడతాది గదా, అందులోంచే ఎక్కించింది! నోరు తెరువే!"

ఇంటింటి బట్టలూ కలిసిపోకుండా నల్లజీడి గింజ రసంతో చాకళ్లు పెట్టే గుర్తు అది.

"సూర్యారావు బాబూ, ఒక్క మాట," అంది బంగారమ్మ. "నా గుర్తు సీరకి ఏ మూలుంటాది? కొంగు సివర. సిన్నమ్మగోరి పుండెక్కడుంది? మెడ సుట్టూ, తాడున్న సోటే. నా చిల్లంగికి దారి తెలీదేటి?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వినందుకు వెంటనే భయపడ్డారు.

"ఆ తాడు నలుపు నాకెరికే బాబూ! జీడి రసంలో ముంచి ఆరబెట్టినాడు. అది పచ్చిగా తగిల్తే ఒళ్లు పొక్కుతాది. వోడి సంచిప్పించండి, గింజలుంటాయి. వోడి ఏళ్లు సూడండి... జీడి అంటకుండా మేం రాసుకున్నట్టే నువ్వులనూనె రాసుకున్నాడు!"

అందరూ దాలయ్య వేళ్ల వంక చూశారు. ఎండలో నిగనిగలాడుతున్నాయి.

"సంచి ఇలా తే, దాలయ్యా," అన్నాడు సూర్యారావు. నిన్నటిదాకా గురువుగారూ అన్న నోరది.

"ముట్టుకుంటే కళ్లు పోతాయి! ఇది కాళికి ఆహుతి!" దాలయ్య సంచి ఎత్తి గుండం మీదికి వంగాడు.

"నిప్పులో ఎయ్యకురా! జీడి పేల్తాది!" అరిచింది బంగారమ్మ. వాడి మీద జాలితో కాదు. చుట్టూ జనం ఉన్నారు.

"నువ్వా నాకు సెప్పేది!"

సంచి గుమ్మరించాడు. గింజలు త్వరగా కాలి బూడిదవ్వాలని ముఖం దించి ఊదాడు కూడా!

ఫట్... ఫట్... ఫటేల్! మరిగిన జీడినూనె వాడి ముఖాన చిమ్మింది! నల్లటి పొగ సుడి తిరిగి లేచింది. సముద్రం మీంచి ఒక్కసారిగా గాలి విసిరి, ఆ పొగనంతా దాలయ్యకే చుట్టబెట్టింది. జనం వైపు ఒక్క పాయ పోలేదు. అది గాలో, బొడ్డమ్మో... ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. వాడి కేకకు మొగలిపొదల్లోని కొంగలు లేచిపోయాయి. కపాలం దొర్లి బోర్లాపడింది. దండ తెగింది!

సూర్యారావు తన చేత్తోనే కోడలి మెడలో తాళ్లన్నీ కోశాడు. బంగారమ్మ కట్లు విప్పించాడు. ఆమె నువ్వులు తెప్పించి, కొబ్బరిపాలతో నూరి సుభద్ర మెడకు పట్టించింది. "గీరకండి అమ్మగోరూ. రోజూ రాయండి. తాళ్లు మాత్రం కాల్చకండి, పాతెయ్యండి." పన్నెండో రోజుకు పుండ్లు మానాయి.

ఆ అమావాస్య నాడే, పొద్దు వాలేసరికి, దాలయ్య ముఖం గుమ్మడికాయంత వాచింది. కళ్లు మూసుకుపోయాయి. ఊరిని శపించబోయాడు... "బ్బ... బ్బ..." నాలుక తిరగలేదు. నోట్లో ముప్పైరెండు పళ్లూ ఉన్నాయి. మంత్రం మాత్రం పలకలేదు!

బంగారమ్మ ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని వెతికింది. మూల విరిగిన పన్ను దొరికింది. కొంగున ముడివేసుకుంది. గిన్నెలో మిగిలిన నువ్వులముద్ద తెచ్చి దాలయ్యకు బారెడు దూరంలో పెట్టింది.

"రాసుకో."

వాడి చేతులు ఇసకంతా తడిమాయి. గిన్నె అందలేదు.

ఆమె దాన్ని జరపలేదు.