పదమూడు నిమిషాల సింగపూర్

సింగపూర్‌లో అక్క షటిల్ ఎక్కిందని తెలియగానే శాంభవి విశాఖలో కుక్కర్ పెట్టింది. అన్నం ఉడికేలోపు షటిల్ భీమిలి తీరంలో దిగింది.

ఆ షటిల్‌ని కనిపెట్టిన సైంటిస్టు శాంభవే. రెండు ఊళ్ళ మధ్యా ఇంచుమించు మూడు వేల కిలోమీటర్ల దూరం. పాత విమానం గాలిని చీల్చుకుంటూ దాదాపు నాలుగు గంటలు పోయేది. గాలితో పోట్లాట ఎందుకు, గాలే లేని చోటికి పోతే సరి అనుకుంది శాంభవి. రాకెట్ షటిల్‌ని వాతావరణం పైకి విసురుతుంది. అక్కడ అడ్డేమీ ఉండదు గనక అది విసిరిన రాయిలా దూసుకుపోయి, అవతలి తీరంలో రెక్కలు విప్పుకుని దిగుతుంది. అంతా కలిపి పదమూడు నిమిషాలు. లోకకల్యాణం కోసమే చేసిందని పేపర్లు రాశాయి. పిచ్చి పేపర్లు! ఆవిడకి అక్క మీద బెంగ, అంతే.

హైమవతి వరండాలోకి వస్తూనే, "కాఫీ ఇయ్యవే, పోవాలి" అంది.

"చెప్పులైనా విప్పక్కా. అన్నం తిని వెళ్ళు."

"మీ బావ భోజనానికి కూర్చునే వేళయింది. రేపు మళ్ళీ వస్తాగా!"

ఏడాదిగా ఇదే వరస. పూర్వం హైమవతి ఏడాదికోసారి వచ్చేది, వస్తే పదిహేను రోజులు కదిలేది కాదు. తలంటులూ, అలకలూ, చాప మీద పడుకుని తెల్లవార్లూ కబుర్లూ. ఇప్పుడు రోజూ వస్తుంది, చెప్పులు విప్పదు. శాంభవికేమో అక్కతో చెప్పాల్సిన మాట ఒకటుంది. నిలబడి కాఫీ తాగే మనిషికి చెప్పే మాట కాదది.

ఒక ఆదివారం శాంభవి నిబ్బరంగా అబద్ధమాడింది.

"షటిల్‌కి తనిఖీ ఉందక్కా, సాయంత్రం దాకా నడవదు. పాత విమానంలో నేనే దిగబెడతాను. పుట్టింటి నుంచి ఆడపిల్లని ఒంటరిగా పంపకూడదని అమ్మ అనేది కాదూ?"

అమ్మ మాట తెచ్చేసరికి హైమవతి మెత్తబడింది.

విమానం కిక్కిరిసి ఉంది. షటిల్ వచ్చాక దీన్నెవరెక్కుతారులే అనుకున్న శాంభవి తెల్లబోయింది. ప్రతి వరసలోనూ ఎవరో ఒకరు పక్కవాళ్ళ వైపు తిరిగి గుసగుసగా చెప్పుకుపోతున్నారు. విమానం సముద్రం మీదికి రాగానే హైమవతి చెప్పులు విప్పి, కాళ్ళు సీటు మీదికి మడుచుకుంది. అది చూసి శాంభవికి కళ్ళు చెమర్చాయి.

"అక్కా, హార్బర్‌లో ఇంజనీరు, దివాకరంగారని ఒకాయన. నన్ను పెళ్ళి చేసుకుంటానన్నారు. నలభై ఎనిమిదేళ్ళకి పెళ్ళేమిటని నవ్వకు. నువ్వు సరేనంటేనే చేసుకుంటాను."

హైమవతి చెల్లెలి బుగ్గ గట్టిగా గిల్లింది. "ఎన్నాళ్ళయిందే ఆయన అడిగి?"

"ఆరు నెలలు."

"ఆరు నెలలు కడుపులో పెట్టుకున్నావా? రోజూ వచ్చాను కదే!"

"రోజూ వచ్చావు. అందుకే చెప్పలేకపోయాను."

హైమవతి పమిటతో కళ్ళొత్తుకుని, అటుగా పోతున్న ఎయిర్ హోస్టెస్‌ని పిలిచింది.

"అమ్మాయీ, కాస్త నెమ్మదిగా పోనివ్వమను మీ పైలట్‌ని. మా చెల్లి పెళ్ళి మాటలు ఇప్పుడే మొదలయ్యాయి."