కళ్లజోడు సాక్షిగా

కొత్త కళ్లజోడు పెట్టుకోగానే ఆవిడకి నేల ఏటవాలుగా కనిపించింది. అంతే, తనకి పక్షవాతం వచ్చేసిందని తేల్చేసుకుంది. గోడ పట్టుకుని వంటింట్లోకి, గోడ పట్టుకుని హాల్లోకి. "నేను పోతే బీరువా తాళం పంచదార డబ్బాలో ఉందే" అంటూ కూతురికి అప్పగింతలు కూడా మొదలుపెట్టింది.

కూతురు ఆ జోడు లాక్కుని కళ్లజోళ్ల షాపుకి నడిచింది. వెనకాలే గోడలు పట్టుకుంటూ తల్లి.

"ఏమండీ, కుడికంటి అద్దం ఎడమకీ, ఎడమది కుడికీ బిగించారు! మా అమ్మ నిన్నట్నుంచి వీలునామా చెప్తోంది!"

కౌంటర్ వెనకున్న అబ్బాయి జోడు చూసి నాలుక కరుచుకున్నాడు. తర్వాత ఆ అమ్మాయిని చూశాడు. చూసి, స్క్రూడ్రైవర్ బదులు పెన్ను తీశాడు.

"తప్పు నాదేనండి. ఇప్పుడే సరిచేస్తాను."

"పెన్నుతోనా?"

పక్షవాతం ఆ పూటే నయమైంది కానీ, ఆ జోడుకి ఏదో శని పట్టింది. కూతురు రోజూ శ్రద్ధగా తుడిచిపెడుతున్నా వారం తిరిగేసరికి కాడ ఊడి చేతికొచ్చేది. పాపం, కూతురే ఆఫీసు నుంచి వస్తూ షాపుకి పట్టుకెళ్లి స్క్రూ బిగించుకొచ్చేది. ఒక్కోసారి బాగా ఆలస్యమయ్యేది. వానొచ్చిన రోజు ఇంకా ఆలస్యం.

"నాసిరకం సరుకు" అని తిట్టుకునేది తల్లి.

ఆవిడ అసలు దిగులు వేరు. తమ్ముడు పిలిపించుకోబట్టి ఆవిడకి ఈ పరాయి దేశంలో శాశ్వతంగా ఉండే కార్డు దొరికింది. కూతురిది మాత్రం ఉత్త ఉద్యోగం పర్మిట్, అదీ ఈ ఏడాదితో సరి. కూతురి కార్డు కోసం తను పెట్టిన దరఖాస్తు ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలియదు. ఎవరు తలుపు కొట్టినా, పిల్లని దేశం దాటించడానికే వచ్చారని ఆవిడ గడియ బిగించేది.

మంచి లాయర్ కోసం తిరిగారు. ఒకడు వాళ్లు నోరు తెరవకముందే ఫీజన్నాడు. ఇంకొకడు నూటికి నూరుపాళ్లూ గ్యారంటీ అన్నాడు. ఆవిడ పొంగిపోయి ఆ మాట కళ్లజోళ్ల అబ్బాయి చెవిన వేసింది.

"నేను ఫ్రేముకే గ్యారంటీ ఇవ్వను ఆంటీ! సర్కారు తరఫున ఆయనెవరు ఇవ్వడానికి?" అన్నాడు. "మా దగ్గర అద్దాలు చేయించుకునే లాయరమ్మ ఒకావిడ ఉన్నారు. ఇలాంటి కేసులే చూస్తారు. తెలియనిది తెలియదని మొహం మీదే చెప్తారు. నేను తీసుకెళ్తాను."

లాయరమ్మ ఆఫీసు ఒక లాండ్రీ పైన, నిటారు మెట్లెక్కితే ఉంది. అబ్బాయిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి తల్లీకూతుళ్లు లోపలికి వెళ్లారు.

"అమ్మాయికి పెళ్లయిందా?" ఫైలు తిప్పుతూ అడిగింది లాయరమ్మ.

"సంబంధాలు చూస్తున్నానండీ. వచ్చే నెల్లో కానిచ్చేస్తాను."

"అది కానిస్తే ఈ ఫైలు కూడా కానిచ్చేసినట్టే."

"ఆఁ?"

"కార్డున్న తల్లి పెళ్లికాని పిల్లనే పిలిపించుకోగలదమ్మా. పెళ్లయిన క్షణం ఈ దరఖాస్తు చెల్లదు. మీకెవరూ చెప్పలేదా?"

ఆవిడ కాళ్ల కింద నేల మళ్లీ ఏటవాలైంది. కూతురు మాత్రం తెలిసిన సంగతే అన్నట్టు తలూపింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

"అందుకా! ఒకడికి చెవులు పెద్దవన్నావు, ఇంకొకడు నవ్వితే తలుపు కిర్రుమన్నట్టుందన్నావు..."

"అందుకా నన్నూ వద్దన్నావు?"

గుమ్మంలో కళ్లజోళ్ల అబ్బాయి. ఆంటీకి దాహమేస్తుందని తెచ్చిన నీళ్లు లాయరమ్మ తివాచీ మీద ధారగా కారుతున్నాయి.

"నువ్వు బయట కూర్చో!" అరిచింది కూతురు.

తల్లి చటుక్కున కూతురి వైపు తిరిగింది. షాపులో 'ఏమండీ' అన్న పిల్ల! ఈ 'నువ్వు' ఎప్పుడు పుట్టింది, ఎక్కడ పెరిగింది?

లాయరమ్మ మాత్రం తాపీగా అడిగింది. "బాబూ, నీ కాగితాలేమిటి?"

"ఇక్కడే పుట్టాను మేడమ్. పౌరుణ్ణే."

"అయితే ఇంత తల బద్దలు కొట్టుకోవడమెందుకు? పౌరుడి భార్యకి ఏళ్ల తరబడి ఈ క్యూ లేదు. అన్నీ సరిగ్గా ఉంటే తొందరగానే వస్తుంది."

తల్లికి రోషం తన్నుకొచ్చింది. "నవమాసాలు మోసి కన్నదాన్ని, నా క్యూ ఏళ్లూ పూళ్లూనా? నిన్నగాక మొన్న స్క్రూలు బిగించినవాడి క్యూ తొందరా? ఇదెక్కడి న్యాయమండీ!"

"న్యాయం కాదమ్మా, చట్టం."

కూతురి కళ్లు నిండాయి. "అందుకే వద్దన్నానమ్మా. కార్డు కోసం కట్టుకుందని రేపు ఎవరైనా అంటే? ఏదో గొడవలో తనే అంటే?"

అబ్బాయి గ్లాసు బల్ల మీద పెట్టాడు. "అయితే నా కాగితాలు వద్దు. అమ్మ క్యూలోనే ఉండు. కార్డు వచ్చాకే చేసుకుందాం."

"పర్మిట్ అయిపోతే ఈ అమ్మాయి దేశం దాటాలయ్యా. క్యూ వచ్చేసరికి నీకు జుట్టుండదు" అంది లాయరమ్మ.

"నేనూ వెళ్తాను మేడమ్. అక్కడ మాత్రం జనానికి చూపు మందగించదా?"

తల్లి అబ్బాయిని ఎగాదిగా చూసింది. వీడు కార్డు ఎర చూపేవాడు కాదు, పుట్టిన చోటు వదులుకునేవాడు! చెడే ఊహించడం అలవాటైన ఆవిడ బుర్రకి, ఇందులో చెడు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

లాయరమ్మ గొంతు సవరించుకుంది. "ఏ దారైనా సరే, ఇది కాగితం పెళ్లా, నిజం పెళ్లా అని వాళ్లు గుచ్చిగుచ్చి అడుగుతారు. ముందు నేనడుగుతా. పరిచయం ఎలా పెరిగింది?"

"నా కళ్లజోడు స్క్రూ ఊడి" అంది తల్లి.

"అదే నాకూ అంతుపట్టదు ఆంటీ. చుక్క జిగురేసి మరీ బిగించేవాణ్ణి. దానంతటది ఊడే ప్రశ్నే లేదు."

దానంతటది ఊడదా? ఆవిడ జోడు తీసి చేత్తో పట్టుకుంది. రోజూ శ్రద్ధగా తుడిచిపెట్టేది ఎవరు?

కూతురి చెవులు కందిపోయాయి.

"నువ్వా!" తల్లీ, అబ్బాయీ ఒక్క గొంతుతో అరిచారు.

"షాపుకి రావడానికి ఇంకో సాకు దొరకలేదు" నసిగింది కూతురు. "అప్పటికి నువ్వెక్కడ పుట్టావో కూడా నాకు తెలీదు."

అబ్బాయి తడిసిన తివాచీ మీదే చతికిలబడ్డాడు.

"విన్నారుగా లాయరమ్మా!" అంది తల్లి. "వాడి కాగితాల సంగతి తెలియకముందే ఇది కన్నతల్లి కళ్లు ఊడబీకింది. ఇంతకన్నా రుజువేం కావాలి? నా క్యూ కొట్టేయండి."

బల్ల మీది ఫైలు తీసి అబ్బాయి చేతుల్లో పెట్టింది. "ఇంతకాలం నేను మోశాను. ఇక నువ్వు మొయ్యి."

"ఫైలునా, పిల్లనా ఆంటీ?"

"ఇంకా ఆంటీ ఏమిట్రా? అత్తయ్యా అను."

మెట్లు దిగబోతే జోడు కాడ ఊడి ఆవిడ చేతిలోకొచ్చింది. కిందంతా మసక. పడితే కాలు విరగడం ఖాయమనుకుంది అలవాటుకొద్దీ. ఒక పక్క కూతురు చెయ్యి పట్టుకుంది. ఫైలు చంకన పెట్టుకుని రెండోపక్క అబ్బాయి పట్టుకున్నాడు.

కింది మెట్టు దాకా ఆవిడకి గోడ గుర్తుకే రాలేదు.