తొడ ఎముక లాగిన చేతులు

మా ఊరు మాంపాంగ్ చుట్టుపక్కల నలభై ఏళ్ళలో ఏ విరిగిన కాలైనా నా చేతిలో పడ్డాక నడవకుండా పోలేదు. మనిషి కాలికి కట్టు కట్టిన రోజే ఓ కోడి కాలు విరిచి దానికీ కట్టేవాణ్ణి. కోడి నడిచిన రోజు మనిషి కట్టు విప్పేవాణ్ణి. ఓ కోడైతే నడవడమే కాదు, గోడ దూకి పొరుగూరి పుంజుతో కాపురం పెట్టింది.

ఆ ఉదయం మా చెల్లెలు న్యార్కో జొన్నజావ కలుపుతోంది. డాక్టరు చదువు పూర్తిచేసి, ఆస్పత్రిలో రెండేళ్ళు పనిచేసిన ఆమె కూతురు సెర్వా గడపలో కూర్చుంది. ఇకమీద ఏ విభాగంలో పైచదువు చదవాలో రాసిచ్చే కాగితం ఆ పిల్ల ఒళ్ళో ఉంది. మాలో పిల్లల విషయంలో తండ్రికన్నా మేనమామ మాటే పెద్దది. అందుకే నన్ను పిలిపించారు.

“చర్మం డాక్టరని రాయవే. నాలుగింటికల్లా ఇంటికొస్తావు,” అంది న్యార్కో.

“ఎముకలే రాస్తానమ్మా.”

“అది మగాళ్ళ పనే! ఇంట్లో బిడ్డ ఏడుస్తుంటే నువ్వెవడి కాలో పట్టుకు లాగుతుంటావా? నువ్వు చెప్పన్నయ్యా.”

నేను గొంతు సవరించుకున్నాను. “తొడ ఎముక లాగాలంటే ఎద్దు బలం కావాలే అమ్మాయ్. నా చేతులు చూడు.”

సెర్వా చూడలేదు. “మా పెద్ద డాక్టరూ ఇదే అన్నాడు మావయ్యా. నాతో పనిచేసే మగపిల్లలు ఐదుగురూ ఆపరేషన్లకి వెళ్తారు, నన్ను కట్లు మార్చమంటారు. తోటి ఆడపిల్లలంతా పిల్లల విభాగమో చర్మమో రాసేశారు. అక్కడ మాట్లాడ్డానికి ఒక్కరు లేరు. ఇంటికొస్తే మీరిలా.” నావైపు తిరిగి అడిగింది. “ఏడేళ్ళప్పుడు మీ కట్లగదిలో కోడిని పట్టుకుంది నేనే. రోగి కాలు లాగిందెవరు మావయ్యా?”

గరిటె ఆగిపోయింది.

లాగింది నా భార్య ఫోసువా. రోగి మొహం గోడవైపు తిప్పించి, నేను పక్కన కూర్చుని పెద్దగా కబుర్లు చెప్పేవాణ్ణి. ఎముక టక్కుమంటే నాకు కళ్ళు తిరిగేవి. పేరు నాకు, కాయలు ఆవిడ చేతులకి. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత ఒక్క కాలూ ముట్టుకోలేదు, వయసైపోయిందని ఊరికి చెప్పాను. గోడవైపు తిరిగిన మనుషుల మధ్య ఆవిడకి ఎలా ఉండేదో, ఒక్కసారీ అడగలేదు.

“మీ అత్తయ్యే,” అన్నాను.

“వదినా?” న్యార్కో గరిటె వదిలేసి ఇటు తిరిగింది. “అయితే మాత్రం? పిల్లాజెల్లా లేకుండానే పోయింది. నా కూతురూ అలాగే పోవాలా?”

“అది ఆవిడ చేతులవల్ల కాదే. నాతో అన్నేళ్ళు వేగడంవల్ల,” అన్నాను. ఎవరూ నవ్వలేదు. “రాయమ్మా సెర్వా. మావయ్య మాటగా రాయి.”

రాసింది. కాగితం మీద పడిన కన్నీటి బొట్టు కొంగుతో అద్దింది.

మధ్యాహ్నం సెర్వా ఆస్పత్రికి తిరిగెళ్ళే బస్సు కదలబోతుండగా న్యార్కో పరుగున వచ్చి, ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్ద కెంకే, వేయించిన చేపా కూతురి ఒళ్ళో పెట్టి, కిటికీ పట్టుకుని ఏడ్చింది.

ఉన్నమాట చెప్పేస్తాను. న్యార్కో రాలేదు. అది నేను కల్పించింది. వంటింటి తలుపు వేసుకుని కూర్చుంది. పొట్లం నేనే బస్టాండులో కొని, మీ అమ్మ పంపిందన్నాను. సెర్వా ఓ ముక్క నోట్లో పెట్టుకుని, “అమ్మ ఇంత కారం వెయ్యదు మావయ్యా,” అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, కిటికీలోంచి సగం నా చేతిలో పెట్టింది.