పన్నెండు బస్తాల రహస్యం

పొయ్యి వెలగకపోతే దేశానికేం నష్టమని శివరాజ్ అడగలేదు. అడిగితే మార్చి నెల మాట వస్తుంది.

ఉదయం ఏడున్నర. కోరమండల్ ఊళ్ళో మూతపడిన బంగారు గని వెనక, పాత కార్మికుల లైన్లలో ఒక రేకుల ఇల్లు. బయట బోర్డు మీద ‘టైలరింగ్ క్లాసులు’. లోపల కుట్టుమిషన్ మీద లాప్‌టాప్ పెట్టుకుని గూఢచారి ఏజెన్సీ చీఫ్ ఉమాదేవి శివరాజ్‌కి బ్రీఫింగ్ మొదలుపెట్టింది.

"కొలిమి. వేమగల్ ఫ్యాక్టరీలో చేసే పెల్లెట్ గ్రిల్. మామిడి రంపపు పొట్టును మాత్రల్లా అదిమి, వాటిని స్క్రూతో కొంచెం కొంచెంగా మంటలోకి తోస్తుంది. వేడి ఎంతుండాలో ఫోన్‌లో చెప్తే చాలు. చికెన్ కాల్చుకునే పొయ్యే. కానీ దాని కంట్రోలర్ని మంచుకొండల్లో సైన్యం హీటర్లకి తీసుకోవాలని చూస్తున్నారు. ఇది మళ్ళీ ఫెయిలైతే టెండర్ విదేశీ కంపెనీకి పోతాది. వాళ్ళ కంట్రోలర్ వెచ్చదనమూ ఇస్తాది, మన పోస్టు యాడ ఉండాదో వాళ్ళ ఉపగ్రహానికీ చెప్తాది."

"మార్చిలో లాంచ్..."

"స్క్రూ బిగుసుకుంది. రెండొందలమంది పొగలో దగ్గినారు. ఆ వీడియో చూసి దేశమంతా నవ్వింది. కారణం నీ రిపోర్టులోనే ఉండాది కదా. విదేశీ హస్తం. పెల్లెట్లు తడిపింది ప్యాకింగ్ సెక్షన్ గురువమ్మ. ఫ్యాక్టరీలో మైకులో ఆమె పేరు చెప్పి పనిలోంచి తీసేసినారు."

శివరాజ్ చెవులు వేడెక్కాయి.

లాంచ్ ముందురోజు రహస్య ట్రాన్స్‌మిటర్ కోసం వెతుకుతూ పన్నెండు బస్తాల మూతులు కోసింది అతనే. మళ్ళీ కట్టలేదు. మధ్యాహ్నం వాన పడి, గోడౌన్ రేకులు కారాయి. పెల్లెట్లు నీళ్ళు తాగి ఉబ్బాయి. సంగతి అర్థమయ్యేసరికి రిపోర్టులో ‘ఎవరి పని’ అన్న గడి ఖాళీగా ఉంది. గోడౌన్ తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళ పేరు రాశాడు. భయాన్ని ఎలా దాచుకోవాలో ట్రైనింగ్‌లో నేర్పారు. సిగ్గు గురించి ఎవరూ చెప్పలేదు. ఆ గురువమ్మ ఇల్లు ఇక్కడికి నాలుగో లైన్లోనే ఉందని తెలిసి, ఉదయం జీపును చుట్టుదారిలో తెచ్చాడు.

తలుపు మీద మూడు దెబ్బలు.

"రాగిముద్దలోకి ఏముండాది?" ఉమాదేవి అడిగింది.

"బస్సారు చారు. నిన్నటిది."

కోడ్ సరిపోయింది. పట్టుచీరలో, ఖరీదైన సెంటు వాసనతో నయన లోపలికొచ్చింది. ఈ రోజు పదకొండు గంటలకి మళ్ళీ జరిగే లాంచ్‌కి యాంకర్. విదేశీ ముఠాకీ, ఏజెన్సీకీ కూడా మనిషి.

"స్టాకు నలభై బస్తాలు. కొన్నిట్లో పెల్లెట్లకి వాసన లేని నూనె పట్టించినారు. మంట స్క్రూ వెంబడి వెనక్కి పాకి, పెల్లెట్లు పోసే తొట్టి అంటుకుంటాది. వెలిగించను వచ్చే సైన్యం కర్నల్ గజం దూరంలో నిలబడుంటాడు."

"ఏ బస్తాలు?"

"నాకి చెప్పలేదు."

శివరాజ్ జేబులోని పెన్ను నిజానికి తేమ మీటర్. నూనెను అది కనిపెట్టదు. లాంచ్ ఆపే వీల్లేదు, టెండర్‌కి ఈ రోజే గడువు. ఉమాదేవి ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్ళగానే నయన తన ఫోన్ చూపించింది. తెరమీద శివరాజ్ బస్తాలు కోస్తున్నాడు.

"లాంచ్‌కి మీరు అడ్డం రాకుంటే ఇది బయటికి రాదని ముఠావాళ్ళు చెప్పమన్నారు."

"నువ్వెందుకు చెప్తున్నావు?"

"రెండు పక్కలా జీతం తీసుకుంటాను సార్. రెండు పక్కలా పని చెయ్యల్ల కదా."

పెల్లెట్ల మంచిచెడ్డలు చేత్తో పట్టి చెప్పగలిగేది గురువమ్మే అనుకుని, నాలుగో లైనుకు అతను నడిచే వెళ్ళాడు. పొయ్యిల క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషం, అతికించిన మీసం. గురువమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది.

"మీసం ఊడిపోతా ఉండాది. అదిమి పెట్టుకో అప్పా," అంది తలెత్తకుండానే.

అతను మీసం పీకేశాడు. "అమ్మా, బస్తాలు కోసింది నేను."

"తెలుసు. ఆ దినం నీ బూట్ల మింద పొట్టు ఉన్నింది."

"మరి చెప్పలేదేం?"

"అడిగినారా ఎవురన్నా?"

చేట చప్పుడు ఆగలేదు. నూనె సంగతి చెప్పాడు. ఆమె అంతా విని చేట కింద పెట్టింది.

"మా నాయన గనిలో కొయ్యగుంజలు నిలబెట్టే మేస్త్రి. తట్టి చప్పుడు వినేవాడు. చప్పుడు మొద్దుగా వస్తే మనుషుల్ని బయటికి తోలేవాడు. పెల్లెట్లూ అంతే. మంచివి చింతగింజల మాదిరి గలగలమంటాయి." లేచి కొంగు దులుపుకుంది. "వస్తాను. అయితే నా వాకిట్లో చెప్తే ఏమొస్తాది? నా పేరు యాడ మైకులో చెప్పినారో ఆడ చెప్పు."

అతను తలూపాడు. ఇద్దరూ జీపులో ఫ్యాక్టరీకి బయలుదేరారు.

పదకొండుకి రెండు నిమిషాలు. ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా నిండిపోయింది. తొట్టి అప్పటికే నింపేశారు. కర్నల్ వేలు ఫోన్ మీద ఉంది. గురువమ్మ మనుషుల్ని తోసుకుంటూ వెళ్ళి తొట్టిలోంచి పిడికెడు తీసి, చెవి దగ్గర ఆడించింది.

"ఆపండి! ఇవి మొద్దుగా ఉండాయి!"

మేనేజర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "సార్, మార్చిలో తడిపింది ఈమే. బయటికి పంపండి! మీరు నొక్కండి సార్."

నయన కౌంట్‌డౌన్ మొదలుపెట్టింది. పది. తొమ్మిది. శివరాజ్ కాళ్ళు కదల్లేదు. ఇంకో ఎనిమిది సెకన్లు ఆగితే ఎవరికీ ఏమీ తెలియదనే ఆలోచన అతనికి నిజంగానే వచ్చింది. ఆ ఆలోచన తనదేనని గుర్తుపట్టి, దాని మీది అసహ్యంతో కదిలాడు. నాలుగు. మూడు. నయన మైకును అతని చేతికి అందేంత దగ్గరగా పట్టుకుంది. అతను అందుకున్నాడు.

"మార్చిలో పెల్లెట్లు తడవడానికి కారణం నేను. బస్తాలు కోసి వదిలేశాను. వాన పడింది. శత్రువెవడూ లేడు. గురువమ్మ తప్పేమీ లేదు, నేనే అబద్ధం రాశాను. ఆమె చెప్పేది వినండి."

కర్నల్ వేలు తీసేశాడు.

తొట్టిలోని పెల్లెట్లు పిడికెడు తీసి దూరంగా నిప్పుల మీద పడేయించాడు. మంట మనిషెత్తు లేచింది. గేటు వైపు జారుకుంటున్న పెల్లెట్ల సప్లయర్‌ను నయన గడ్డంతో చూపించింది. ఏజెన్సీ మనుషులు పట్టుకున్నారు. గురువమ్మ వరసగా బస్తాలు విని ఐదింటిని పక్కకు తీయించింది. కొలిమిని కడిగి, మంచి పెల్లెట్లు పోసి వెలిగించారు. నూట పది డిగ్రీలు. గంటసేపు ముల్లు కదల్లేదు.

"మార్చిలో తప్పు మిషన్‌ది కాదన్నమాట," కర్నల్ అన్నాడు. "మనిషిది. మిషన్‌దైతే తిప్పి పంపేవాణ్ణి."

మేనేజర్ గురువమ్మకు దండం పెట్టి, రేపటినుంచి పనికి రమ్మన్నాడు. ఉమాదేవి శివరాజ్ వైపు చూడకుండా, "సాయంత్రానికి కొత్త రిపోర్టు కావల్ల," అని కారెక్కింది.

కొలిమి మీద కాలిన మొదటి చికెన్ ముక్కలు ప్లేట్లో పెట్టుకుని శివరాజ్ గురువమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"తినమ్మా."

ఆమె ప్లేటు వైపు చూసింది, అతని వైపు చూసింది. మాటలో కోపం లేదు.

"శనివారమప్పా. నీసు ముట్టను."

వెళ్ళి ప్యాకింగ్ ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. వాళ్ళలో ఒకామె తన ప్లేటు జరిపితే, నవ్వుతూ ఒక చికెన్ ముక్క తుంచుకుంది. శివరాజ్ ఫోన్ చూసుకున్నాడు. బుధవారం.

సాయంత్రం రిపోర్టులో అన్నీ రాశాడు: కత్తి, వాన, పన్నెండు బస్తాలు, తను రాసిన పేరు. అబద్ధాలు పట్టుకోవడమే అతని ఉద్యోగం. ఆ రోజు పట్టుకున్న ఆఖరి అబద్ధాన్ని మాత్రం రిపోర్టులో చేర్చలేదు.